చేపల బ్రీడింగ్ మీద రీసెర్చ్ చేస్తే జీవితం ఎలా ఉంటుంది?

మీరు అడిగింది: "మా అమ్మాయి ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ మూడో సంవత్సరం. చేపల పునరుత్పత్తి మీద పీహెచ్‌డీ చేసి సైంటిస్టు అవుతానంటోంది. ఆ పని ఎలా ఉంటుంది? ఆడపిల్ల చేయగలదా?"

నేను పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నానండీ. మాది కైకలూరు వైపు. ఏడాదిలో ముప్పావు వంతు ఎదురుచూపు, వానలు పడ్డ మూడు నెలలూ నిద్ర ఉండదు. పని ఎలా ఉంటుందంటే అలా ఉంటుంది.

ఎందుకంటే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు చెరువులో ఎంత బాగా పెరిగినా, కడుపులో గుడ్లు తయారైనా, నిలవ నీటిలో పెట్టవు. వాటికి వరద నీరు కావాలి. అందుకే ఒకప్పుడు పిల్ల కోసం నదుల మీద పడేవాళ్లు. ఆ వలలో శీలావతి పిల్లతో పాటు దాన్ని మింగే వాలుగ పిల్లా వచ్చేది. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి, అలీకున్హి కలిసి చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. జులై 10ని మత్స్య రైతుల దినంగా చేస్తున్నది అందుకే. ఆ సూది లేకపోతే మా ఊళ్లో ఇన్ని వరి చేలు చెరువులయ్యేవి కావు. అది మంచికా చెడుకా అన్నది వేరే గొడవ.

నేను చేరిన కొత్తలో నా డ్యూటీ పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్లి తలకాయలు తేవడం. తల వెనక వైపు నుంచి మెదడు తొలగిస్తే అడుగున చిన్న తెల్లటి గింజలా గ్రంథి కనిపిస్తుంది. చిట్లకుండా తీసి ఆల్కహాల్ సీసాలో వేయాలి. మొదటి వారం పదింటికి ఆరు చితికిపోయాయి. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే!

ఇప్పుడు హేచరీల్లో, అంటే చేప పిల్లలను పుట్టించే కేంద్రాల్లో, ఎక్కువగా ఓవాప్రిమ్ లాంటి రెడీమేడ్ మందులే వాడుతున్నారు. గ్రంథి రసమైతే తల్లి చేపకు ఆరు గంటల తేడాతో రెండు సూదులు వేయాలి, దీనికి ఒకటి చాలు. చేప మెదడులోని డోపమైన్ అనే రసాయనం గుడ్ల విడుదలను ఆపి ఉంచుతుందని చైనాలో లిన్ హావోరాన్, కెనడాలో రిచర్డ్ పీటర్ పరిశోధించారు. అందుకే ఈ మందులో హార్మోన్‌తో పాటు ఆ డోపమైన్‌ను అడ్డుకునే డోమ్‌పెరిడోన్ కూడా ఉంటుంది. అవును, మనకు వాంతులకిచ్చే మందే.

మందు సులువైంది కానీ చేపను పట్టి చూడటం సులువు కాలేదు. సీజన్‌లో మగ చేప ఈదురెక్క లోపలి వైపు బొటనవేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, పొట్ట కాస్త నొక్కితే పాలలాంటిది కారుతుంది. ఆడదాని పొట్ట మెత్తగా ఉండాలి. ఈ "మెత్తగా" అన్నది ఏ పుస్తకమూ నేర్పదు.

నేను నేర్చుకున్నది నష్టపోయి. థీసిస్ రెండో ఏడు, జూన్ నెలాఖరైనా వాన లేదు, రిపోర్టు తేదీ దగ్గరపడింది. పొట్టలు ఇంకా గట్టిగానే ఉన్నాయని హేచరీలో పనిచేసే పెద్దాయన ఒకాయన చెప్పినా వినలేదు. ఎనిమిది తల్లి చేపలకు సూది వేసేశాను. తెల్లవారుజాము మూడింటి దాకా టార్చి వేసుకుని తొట్టి చుట్టూ తిరిగాను. ఒక్క గుడ్డు లేదు. పొద్దునకల్లా పొట్టలు ఉబ్బి అయిదు చచ్చిపోయాయి. మిగతావి ఆ ఏడు మళ్లీ పనికిరాలేదు. థీసిస్ ఏడాది వెనక్కి పోయింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్న రోజులవి, ఆ టెన్షన్ వేరే.

పద్నాలుగేళ్లంటే నాకు దొరికినవి పద్నాలుగు సీజన్లే అనుకోండి. లెక్కల వాళ్లలా రేపు మళ్లీ ప్రయత్నిద్దాం అంటే కుదరదు.

సముద్రపు చేపల వైపు వెళితే ఇంకా ఓపిక కావాలి. మన పండుగప్ప మొదట మగగా ఉండి, కొన్నేళ్లకు ఆడగా మారుతుంది. అంటే తల్లి చేప కావాలంటే అన్నాళ్లూ మేపాలి. చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపలు, రొయ్యల పెంపకం మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ) వాళ్లు దాని చేత హేచరీలో గుడ్లు పెట్టించింది 1997లో. బొంత చేపల్లో తంతు తలకిందులు, ముందు ఆడ, తర్వాత మగ. మీ అమ్మాయికి ఇలాంటివి వింటే కళ్లు మెరుస్తున్నాయా అన్నది చూడండి. ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈలో ఎంఎఫ్‌ఎస్సీ, పీహెచ్‌డీ, తర్వాత సైంటిస్టు ఉద్యోగానికి ఏఆర్‌ఎస్ (అగ్రికల్చరల్ రీసెర్చ్ సర్వీస్) పరీక్ష, ఆ వివరాలు వాళ్ల కాలేజీలో ఎవరైనా చెబుతారు.

ఆడపిల్ల సంగతి అడిగారు కదా. పని వల్ల ఇబ్బంది లేదు. నేను చేసిన ఒక చోట రాత్రి డ్యూటీ ఉన్నా ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు, మూడేళ్లు అడిగాక కట్టారు. చేరే ముందు ఇది మొహమాటం లేకుండా అడగమనండి.

ఈ జులైలో వాన పడ్డాక, తెలిసిన హేచరీ ఏదైనా ఉంటే రాత్రి పది దాటాక తీసుకెళ్లండి. మీరూ వెళ్లండి. పాత బట్టలు వేసుకోండి, ఆ వాసన రెండు ఉతుకులకు గానీ పోదు.