పేరు ఒకటే, తుఫాను ఒకటి కాదు

పెదవాల్తేరు, విశాఖపట్నం

అమ్మాయీ,

హుద్‌హుద్ తుఫాను మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. "కత్రినా అటు క్యూబాను, ఇటు న్యూ ఆర్లీన్స్‌ను కుదిపేసింది" అని రాశావు. అవి ఒకే తుఫాను కాదమ్మా. క్యూబా మీదుగా వెళ్లింది 1981 నాటి కత్రినా. 1999లో మధ్య అమెరికా వైపు మరో కత్రినా వచ్చింది. గట్లు తెగి న్యూ ఆర్లీన్స్ మునిగింది 2005లో. అట్లాంటిక్‌లో పేర్ల జాబితాలు ఆరుంటాయి, ఏడాదికొకటి వాడి ఏడో ఏట మళ్లీ మొదటిది తీస్తారు. ఘోరం జరిగితే ఆ పేరు కొట్టేస్తారు. కత్రినా బదులు 2011లో కాటియా వచ్చింది. అందుకే పేరు పక్కన ఏడాది రాయకుండా కలం ఎత్తకు.

మన బంగాళాఖాతంలో వాడిన పేరు మళ్లీ రాదు. 2020లో 13 దేశాలు తలా 13 పేర్లు ఇచ్చి కొత్త జాబితా కట్టాయి. 2004కు ముందైతే పేర్లు పెట్టే పద్ధతే లేదు. 1977 నాటిది దివిసీమ ఉప్పెన, 1996 నాటిది కోనసీమ తుఫాను. ఎక్కడ జనం ఏడ్చారో ఆ నేల పేరే దానికి మిగిలింది. నాకు ఆ పేర్ల మీదే గురి ఎక్కువ.

నా అసలు బాధ వేరే ఉంది. ఈదురుగాలులు, బీభత్సం, అతలాకుతలం అని పేజీ నింపావు. హుద్‌హుద్ అన్న మాట తీసేస్తే అది లైలానో తిత్లీనో నేను పోల్చుకోలేను. తిత్లీ అంటే ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి తోటలు. మరి హుద్‌హుద్?

2014 అక్టోబరు 12, ఆదివారం. మధ్యాహ్నం గాలి ఠక్కున ఆగిపోయింది. అయిపోయిందనుకుని అందరం గేట్లు తీశాం. ఎదురింటాయన విరిగిన వేపకొమ్మ పక్కకు లాగుతున్నాడు. కాసేపటికి అవతలి దిక్కు నుంచి మొదలైంది. అంతదాకా చుక్క రాని కిటికీలోంచి నీళ్లు మంచం మీదికి చిమ్మాయి. తుఫాను కన్ను, అంటే గాలి లేని దాని నడిమి భాగం, మా మీదుగా పోయిందని తర్వాత రేడియోలో విన్నాం.

అప్పుడు నువ్వు బడిపిల్లవి. ఆ మధ్యాహ్నం మీ ఇంట్లో ఎవరు ఏ తలుపుకు వీపు ఆనించి నిలబడ్డారో మీ అమ్మగారిని అడుగు. అక్కడి నుంచి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు