పొద్దుతిరుగుడులో అండాశయం ఎక్కడుంటుంది, గింజలు ఎందుకు తాలు పోతాయి?

మందారంలా నిలువుగా కోసినా పొద్దుతిరుగుడులో అండాశయం దొరకలేదని అడిగారు. మీరు కోసింది ఒక పువ్వు కాదు, వందల చిన్న పువ్వులు కూర్చున్న పళ్లెం. వాటిలో ఒకదాన్ని విడిగా తీస్తేనే భాగాలు తెలుస్తాయి.

అంచున ఉన్న పసుపు రేకల జోలికి పోకండి. ఒక్కో రేకా ఒక పువ్వే గానీ ఇందులో అవి గొడ్డువి, గింజ కట్టవు. (బంతిలో రేకపూలు కూడా కడతాయి.) సగం విచ్చిన పళ్లెం తెచ్చి, సూదితో మధ్యలోంచి ఒక గొట్టపు పువ్వును అడుగుదాకా పెకలించండి. దాంతోపాటు గట్టిగా, మొనదేలి వచ్చేది పుచ్ఛం, అంటే పువ్వు పక్కన ఉండే చిన్న ఆకు. చాలామంది దాన్నే రక్షకపత్రం అని రాసి మార్కులు పోగొట్టుకుంటారు. అసలు రక్షకపత్రాలు అండాశయం భుజాల మీద రెండు పల్చటి పొలుసులు. వేలు తగిలితే రాలిపోతాయి. అడుగున తెల్లగా, చదునుగా ఉన్నదే అండాశయం. రేకల గొట్టం దాని నెత్తిన ఉంటుంది కనుక నిమ్న అండాశయం. ఫలదళాలు (అండాశయాన్ని కట్టే భాగాలు) రెండైనా గది ఒకటే, అందులో అండమూ ఒకటే.

గొట్టాన్ని బ్లేడుతో చీల్చి లెన్సు కింద పరవండి. ఐదు కేసరదండాలు (కేసరాల కాడలు) విడివిడిగా ఉంటాయి, పరాగకోశాలు (పుప్పొడి సంచులు) మాత్రం అంచులు కలిసి నల్లటి గొట్టమవుతాయి. పుప్పొడి ఆ గొట్టం లోపలికే రాలుతుంది. కీలం (అండాశయం మీది కాడ) కింది నుంచి ఎదుగుతూ, సీసాలు కడిగే బ్రష్షులా పుప్పొడిని బయటికి నెడుతుంది. అప్పటికి కీలాగ్రం (పుప్పొడిని పట్టే కొన) రెండు కొమ్మలూ మూసుకునే ఉంటాయి, మర్నాడు విచ్చుకుంటాయి. మొదట మగ, తర్వాత ఆడ. వరసలు అంచు నుంచి మధ్యకు విచ్చుకుంటాయి కనుక ఒకే పళ్లెంలో ఈ దశలన్నీ చూడొచ్చు.

తాలు సంగతీ ఇక్కడే తేలుతుంది. పొట్టు అండాశయపు గోడ, పప్పు అండం. ఫలదీకరణ జరగకపోయినా పొట్టు పెరుగుతుంది, లోపల ఏమీ ఉండదు. తేనెటీగలు తక్కువున్న చేలో పూత మొదలయ్యాక రెండు వారాలు, రోజు విడిచి రోజు, ఉదయం 8 నుంచి 11 లోపు మెత్తటి గుడ్డతో ఒక పళ్లెం తర్వాత ఇంకో పళ్లాన్ని సున్నితంగా రుద్దండి. రేకలు విచ్చేటప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల బోరాక్స్ కలిపి పిచికారీ చేయండి. పూతలో పొద్దున పూట పురుగుమందు అస్సలు కొట్టొద్దు, తేనెటీగలు చస్తాయి.

నట్టనడుమ మాత్రమే తాలుంటే కారణం ఎక్కువగా నీరే. చివర విచ్చే వరసలకే మొదట కొరత పడుతుంది. పూత నుంచి గింజ పాలు పోసుకునేదాకా తడి తప్పనివ్వకండి.