భీమిలి దాకా సైకిలు: దూరం కాదు, గాలి చూసుకోండి

సైకిలు ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విశాఖపట్నం – భీమునిపట్నం (భీమిలి) బీచ్ రోడ్డు గురించే. కొత్తవాళ్లకు ఉపయోగపడే వాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

స్కూలు రోజుల తర్వాత సైకిలు ముట్టలేదు. నాకిప్పుడు నలభై రెండు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లి రావాలని కోరిక. ఒక్క రోజులో అవుతుందా? – ఒక పాఠకురాలు, గాజువాక

అవుతుంది, కానీ మొదటి ఆదివారమే వద్దు. ఆర్కే బీచ్ నుంచి భీమిలి సుమారు 28 కిలోమీటర్లు. రానూపోనూ 55 దాటుతుంది. కాళ్లు ఓర్చుకున్నా, అలవాటు లేని మనిషికి సీటు మీద నాలుగు గంటలు కూర్చోవడమే కష్టం.

మూడు విడతలుగా పెట్టుకోండి. మొదటి వారం కురుసుర జలాంతర్గామి దగ్గర బయల్దేరి తెన్నేటి పార్కు దాకా వెళ్లి వెనక్కి రండి. మొత్తం పది కిలోమీటర్లు, దాదాపు అంతా చదును. రెండో వారం రుషికొండ దాకా. రానూపోనూ ఇరవై పైచిలుకు. కైలాసగిరి కింద జోడుగుళ్లపాలెం వైపు ఒక ఎక్కుడు, రుషికొండ దగ్గర ఇంకొకటి తగులుతాయి. రెండూ చిన్నవే, దిగి నడిపించుకెళ్లినా నామోషీ ఏమీ లేదు. మూడో వారం సైకిలును రుషికొండ దాకా బండిలో తెచ్చుకుని అక్కణ్నుంచి భీమిలికి తొక్కండి. ఒకవైపు 16 కిలోమీటర్లు ఉంటుంది. దారి మొత్తంలో చూడదగ్గ భాగం కూడా ఇదే. ఊరి హడావిడి తగ్గి ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం మిగులుతాయి.

ఒక సంగతి ముందే తెలిస్తే మంచిది. మనం ఎడమవైపు నడుస్తాం కనుక వెళ్లేటప్పుడు కొండవైపు ఉంటాం, సముద్రం రోడ్డుకు అవతల ఉంటుంది. నీళ్లు మీ పక్కకు వచ్చేది తిరుగు దారిలోనే. ఫొటోల కోసం పోతూ పోతూ రోడ్డు దాటకండి, వచ్చేటప్పుడు తీరిగ్గా ఆగొచ్చు. ఇసుక ఎక్కువగా ఉండేది కూడా ఆ పక్కనే. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక తారు మీద పల్చటి పొరలా పరుచుకుని దూరానికి కనపడదు. దాని మీదికి వచ్చాక బ్రేకు నొక్కొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. తొక్కడం ఆపి, నిటారుగా ఉండి, సైకిలును దానంతటదే దాటనివ్వండి. ముందు బ్రేకు నొక్కితే మాత్రం ముందు చక్రం పక్కకు జారిపోతుంది.

మే నెలలో భీమిలికి హాయిగా గంటన్నరలో చేరాం. తిరిగి వచ్చేసరికి మూడు గంటలు పట్టింది, ప్రాణం పోయినంత పనైంది. దారి అదే కదా, ఎందుకిలా? – ఒక పాఠకుడు, విజయనగరం

దారి అదే, గాలి వేరు. ఈ రోడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి తీరం వెంబడే సాగుతుంది. వేసవిలోనూ నైరుతి రుతుపవనాల కాలంలోనూ ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది. అంటే పోయేటప్పుడు వీపున తోసింది, వచ్చేటప్పుడు ముఖాన కొట్టింది. దానికి తోడు తెల్లవారుజామున గాలి మెత్తగా ఉండి, నేల వేడెక్కాక, తొమ్మిది దాటేసరికి సముద్రపు గాలి పుంజుకుంటుంది. సరిగ్గా మీరు వెనక్కి తిరిగిన వేళకి.

లెక్క చూడండి. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నారు, గాలి వేగం 12 అనుకుందాం. వెనకనుంచి వీస్తే మీ ఒంటికి తగిలేది 6 మాత్రమే. ఎదురొస్తే 30, అంటే అయిదు రెట్లు. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి అది మిమ్మల్ని వెనక్కి నెట్టే బలం ఇరవై అయిదు రెట్లవుతుంది! ఎదురుగాలిలో అదే వేగం పట్టుకుందామని పంతం పడితే ఎవరైనా అలసిపోతారు. గేరు తగ్గించి 11, 12 దగ్గర సర్దుకోండి.

వేసవిలో వెనక్కి తిరగాల్సిన చోటును ఊరు చూసి కాదు, గడియారం చూసి నిర్ణయించండి. అయిదున్నరకల్లా బయల్దేరి, ఏడున్నర అయ్యేసరికి ఎక్కడున్నా వెనక్కి తిరగండి. అది మంగమారిపేట అయితే మంగమారిపేటే. బయల్దేరే ముందు కొబ్బరి మట్టలు ఎటు వాలుతున్నాయో, ఒడ్డున పడవల మీది జెండాలు ఎటు ఎగురుతున్నాయో చూడండి. సైకిలు ఎంతో తేలిగ్గా పోతోందనిపిస్తే అది మీ గొప్ప అనుకోకండి. డిసెంబరు, జనవరిల్లో గాలి ఈశాన్యం నుంచి ఉంటుంది. పోయేటప్పుడు కష్టపడి, వచ్చేటప్పుడు సుఖపడొచ్చు. కొత్తవాళ్లకు ఆ రెండు నెలలే మేలు.

నా దగ్గర గేర్లు లేని పాత సైకిలుంది. గేర్ల సైకిలు కొనాలా? – ఒక విద్యార్థి, అనకాపల్లి

రుషికొండ దాకా అక్కర్లేదు. ఆ డబ్బులో కొంత పెట్టి ముందు రెండు కొత్త టైర్లు, బ్రేకు రబ్బర్లు, ముందూ వెనకా లైట్లు, హెల్మెట్టు కొనండి. పాత సైకిళ్లకు వాల్వు లోపల సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది. ఎండకూ పాతదనానికీ అది వదులై గాలి మెల్లగా దిగిపోతుంది, మనం పంక్చరనుకుని ట్యూబంతా వెతుకుతాం. కొత్త రబ్బరు వేయించి, ఇంకొకటి జేబులో ఉంచుకోండి.

గాలి ఎంతో టైరు పక్కన అచ్చువేసి ఉంటుంది, ఆ హద్దుల్లోనే ఉంచండి. పెట్రోలు బంకులోని కంప్రెసరుతో సన్న టైర్లకు కొట్టించొద్దు, క్షణంలో హద్దు దాటి ట్యూబు పేలుతుంది. చేతి పంపే నయం.

గేర్లున్నవారికి ఒక మాట. ఎక్కుడు మొదలవకముందే గేరు మార్చండి. సగం ఎక్కి, బలమంతా పెడల్ మీద పెట్టి మారిస్తే చైను టకటకమని జారుతుంది, ఒక్కోసారి ఊడి పడుతుంది.

పది కిలోమీటర్లకే మోకాళ్ల ముందు భాగం నొప్పి, అరచేతులు తిమ్మిరి. వయసు వల్లా? – ఒక పాఠకుడు, సీతమ్మధార

ముందు సీటును అనుమానించండి. గోడ పట్టుకుని సైకిలెక్కి, పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెట్టండి. కాలు నిటారుగా రావాలి. ఆ తర్వాత పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. మనవాళ్లు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు కిందికి దించేస్తారు. అందుకే మోకాలి ముందు నొప్పి. అదే వెనక భాగం లాగుతుంటే సీటు ఎత్తు ఎక్కువైందని. ఒక్కసారికి అర సెంటీమీటరు మించి మార్చకండి.

చేతుల తిమ్మిరికి సీటు ముక్కు కిందికి వాలిందేమో చూడండి. వాలితే ఒళ్లు ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది. సీటు నేలకు సమాంతరంగా ఉండాలి, మోచేతులు వదులుగా ఉండాలి. ఇవన్నీ సరిచేశాక కూడా రెండు మూడు వారాలు నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

బీచ్ రోడ్డులో రెండుసార్లు తిరిగానో లేదో చైను ఎర్రగా తుప్పు పట్టింది. – ఎంవీపీ కాలనీ

ఉప్పు గాలి పని. ఇంటికి రాగానే మగ్గుతో మంచినీళ్లు పోసి కడగండి. పైపుతో చక్రాల మధ్య ఇరుసుల మీదికి జోరుగా కొట్టొద్దు, లోపలి గ్రీజు పోతుంది. పొడిబట్టతో తుడిచి ఆరనిచ్చి, చైను లింకుకు ఒక్క చుక్క చొప్పున సైకిలు ఆయిల్ వేయండి. పెడల్ వెనక్కి ఇరవై సార్లు తిప్పి, పది నిమిషాలాగి, పైపైన ఉన్నదంతా తుడిచేయండి. నూనె లోపల ఉంటే చాలు. పైన తడిగా ఉంటే ఇసుక అంటుకుని, చైను ఆకురాయిలా పళ్లను అరగదీస్తుంది. కొబ్బరినూనె, వాడేసిన ఇంజనాయిలు వద్దే వద్దు. బ్రేకు నొక్కితే గరగరమంటే రబ్బర్లలో ఇసుక ఇరుక్కుందన్నమాట, పిన్నుతో తీసేయండి. లేకపోతే రిమ్ము మీద గీతలు పడతాయి.

హైదరాబాదు నుంచి పిల్లలతో వస్తున్నాం. తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు సైకిలు మీదే చూడొచ్చా? – ఒక పాఠకురాలు, ఉప్పల్

రెండూ దారిలోనే. తొట్లకొండ బౌద్ధారామానికి రోడ్డు మీంచి ఎడమకు తిరిగి కొండ ఎక్కాలి. నిటారు ఎక్కుడు, పిల్లలతో నడిపించుకెళ్లడమే. దిగేటప్పుడు రెండు బ్రేకులూ కలిపి, వదులుతూ పట్టుతూ నెమ్మదిగా దిగండి. ఎర్రమట్టి దిబ్బలు 2014లో భూవారసత్వ ప్రదేశంగా ప్రకటించినవి, మట్టి వేలితో గీరితే రాలేంత మెత్తన. సైకిళ్లు బయటే పెట్టి నడిచి చూడండి. దగ్గర్లో ఐఎన్ఎస్ కళింగ నౌకాదళ స్థావరం ఉంది, అటువైపు ఫొటోలు తీయకండి.

తలకు రెండు సీసాల నీళ్లు, అరటిపళ్లు, ఒక ఓఆర్ఎస్ పొట్లం ఉంచుకోండి. పిల్లలు భీమిలిలో చతికిలబడితే సైకిళ్లు గూడ్సు ఆటోలో వేయించుకుని వెనక్కి రండి. బేరం ఎక్కించకముందే ఆడండి.