కాంపౌండ్ విల్లు వదిలి లాంగ్‌బో పట్టినప్పుడు: నా అనుభవం

కాంపౌండ్ విల్లుతో (కొనల దగ్గర చక్రాలుండే ఆధునిక విల్లు) కొన్నేళ్లు సాధన చేశాక 50 పౌండ్ల లాంగ్‌బో (చక్రాలు లేని పొడవైన సాదా విల్లు; పౌండ్లు నారిని లాగడానికి కావలసిన బలం) కొన్నానని, పాత కార్బన్ బాణాలతో వేస్తే అన్నీ ఎడమకు పోతున్నాయని, అక్టోబరులో జింకల వేటకు నాలుగు నెలల్లో సిద్ధం కావచ్చా అని ఒకరు నన్ను అడిగారు. మూడేళ్ల క్రితం ఇక్కడ అమెరికాలోని మిషిగన్‌లో నేనూ ఇదే మార్పు చేసుకున్నాను. సిద్ధం కావచ్చు, కానీ మొదటి నెల గురిని పక్కన పెట్టి భుజానికే కేటాయించాలి.

80 శాతం బరువు తగ్గించే 70 పౌండ్ల కాంపౌండ్ విల్లును పూర్తిగా లాగి పట్టుకున్నప్పుడు చేతికి తెలిసేది దాదాపు 14 పౌండ్లే. లాంగ్‌బోలో లాగేకొద్దీ బరువు పెరుగుతూ, నారి దవడ దగ్గరకు వచ్చేసరికి 50 పౌండ్లూ మూడు వేళ్ల మీద ఉంటాయి. ఈ తేడా తెలియక నేను మొదటి వారం రోజుకు వంద బాణాలు వేసి, భుజం నొప్పితో పది రోజులు విల్లు ముట్టుకోలేకపోయాను. రోజుకు ముప్పై బాణాలు, అవీ మూడు గజాల దూరం నుంచి, గురిగుర్తు లేని ఫోమ్ దిమ్మలోకి, నారి ప్రతిసారీ ముఖం మీద ఒకే చోట తాకేలా వేయండి.

మీరు కుడిచేత్తో నారి లాగేవారైతే, బాణాలు ఎడమకు పోవడానికి అవి మరీ బిరుసుగా ఉండటమే కారణమై ఉండవచ్చు. లాంగ్‌బోలో బాణం విల్లు పట్టును చుట్టుకుంటూ వంగి వెళ్లాలి. నేను 340 స్పైన్ బాణాలు (స్పైన్ అంటే బాణం ఎంత వంగుతుందో చెప్పే సంఖ్య, అది పెరిగేకొద్దీ బాణం ఎక్కువ వంగుతుంది) మాని, బరువైన మొన ఉన్న 500 స్పైన్ బాణాలకు మారాక అవి తిన్నగా వెళ్లాయి. ప్లాస్టిక్ రెక్కలు పట్టుకు తగిలి బాణాన్ని పక్కకు నెడతాయి కనుక ఈకలు కట్టినవే తీసుకోండి. బాణం మొత్తం బరువు 500 గ్రెయిన్ల (సుమారు 32 గ్రాముల) దగ్గర ఉంటే చేతికి వచ్చే అదురు కూడా తగ్గుతుంది.

కొత్త నారి సాగుతుందన్నది చాలామంది గమనించరు. పిడికిలిని పట్టు మీద ఆనించి బొటనవేలు నిటారుగా నిలిపితే, దాని కొన నారికి తాకాలి. పట్టుకూ నారికీ మధ్య ఆ దూరం సుమారు ఏడు అంగుళాలు. నా విల్లుకు నారి సాగి దగ్గరకు రావడంతో వారం రోజుల్లోనే వేలి కొన నారిని దాటిపోయింది, వదిలినప్పుడు వచ్చే చప్పుడూ మొరటుగా మారింది. నారి విప్పి, ఉన్న మెలిక వైపే మరికొన్ని మెలికలు వేస్తే సరిపోయింది. విల్లుకు నారి తగిలించడానికి కాలు దూర్చి వంచకుండా స్ట్రింగర్ తాడు (విల్లు రెండు కొనలకు తగిలించి దాన్ని వంచే తాడు) వాడండి. బాణం లేకుండా నారిని ఎన్నడూ వదలవద్దు.

వేటకు దూరం నిర్ణయించుకోవడానికి మాత్రం ఉదయం ఒళ్లు వేడెక్కకముందు వేసే తొలి బాణాన్నే లెక్కలోకి తీసుకోండి, ఎందుకంటే అడవిలో జింక మనకిచ్చే అవకాశం ఆ ఒక్కటే, తప్పు చోట తగిలితే బాధ పడేది ఆ జీవి. గత అక్టోబరులో ఒక ఆడ జింక 25 గజాల దగ్గర పక్కకు తిరిగి నిలబడింది. ఆ నెలంతా నా తొలి బాణం 15 గజాలు దాటితే నిలకడగా తగలలేదు కనుక, నారి లాగకుండానే దాన్ని వెళ్లనిచ్చాను.