ఓడెక్కిన ముత్తవ్వ ఊరు ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: మా కోడలు దక్షిణాఫ్రికాలోని దర్బన్ తెలుగువాళ్ళ అమ్మాయి. ఆమె నాయనమ్మకు నాయనమ్మ 1889 ప్రాంతంలో కూలి ఒప్పందం మీద మద్రాసులో ఓడెక్కిందట. పేరు తప్ప మరేమీ తెలియదు. ఇంట్లో ఉన్న పాత కాగితం మీద ఐదంకెల నంబరు ఒకటి ఉంది. ఆమె పుట్టిన ఊరు, కన్నవాళ్ళ వివరాలు తెలుసుకోగలమా?

జవాబు: నంబరు ఉందంటే సగం పని అయినట్టే. 1860 నవంబరు 16న 'ట్రూరో' ఓడ మద్రాసు నుంచి దర్బన్ చేరినప్పటి నుంచి 1911 దాకా నటాల్ (దర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస) వెళ్ళిన 1,52,184 మంది ఒప్పంద కూలీలకు వరసగా నంబర్లు వేశారు. దాన్ని కలోనియల్ నంబర్ అంటారు. ఓడ జాబితాలో నంబరు ఎదురుగా పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది గుర్తులు రాసేవారు. కొన్ని గళ్ళు ఖాళీగా వదిలేసిన వరసలూ ఉంటాయి.

వెతకడం నంబరుతోనే మొదలుపెట్టండి, పేరుతో వద్దు. గుమాస్తా తన చెవికి వినపడినట్టు ఇంగ్లీషులో రాసుకునేవాడు. 'అప్పలమ్మ' లాంటి పేరులో ఒక అక్షరం అటూ ఇటూ అయితే చాలు, పేరుతో వెతికితే దొరకదు. పైగా అదే పేరుగలవాళ్ళు జాబితాల్లో చాలామంది తగులుతారు. ఓడ పేరు ఒక్కటే తెలిసినా చాలదు. 'ఉమ్లాజీ' లాంటి ఓడలు చాలాసార్లు వచ్చాయి కాబట్టి చేరిన తేదీ కూడా కావాలి. వయసును నమ్మకండి, అది కంటికి కనిపించిన అంచనా.

ఆమె వరస దొరికాక పైనా కిందా ఉన్న పదేసి నంబర్లు తప్పకుండా చదవండి. ఒక కుటుంబం వాళ్ళకు, ఒకే ఊరి నుంచి కలిసి వచ్చినవాళ్ళకు పక్కపక్క నంబర్లు పడేవి. అన్నో చెల్లెలో అక్కడే ఉండొచ్చు. 'ఫలానా నంబరు భార్య' అని ఉంటే మాత్రం కాస్త ఆగాలి. నూరుమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన వల్ల, ఒంటరి ప్రయాణం భయం వల్ల, మద్రాసు డిపోలోనే (ఓడెక్కే ముందు కూలీలను ఉంచే చోటు) జతకట్టినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి జిల్లాలు వేరైతే అలాంటి పెళ్ళేమోనని అనుమానించాలి. అప్పుడు ఆమె వరసలోని ఊరే ఆమె ఊరు, అతని ఊళ్ళో వెతికి లాభం లేదు.

నటాల్‌లో ఆమె తర్వాతి జీవితం కోసం ఇండియన్ ఇమిగ్రెంట్స్ ప్రొటెక్టర్ (ఒప్పంద కూలీల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి) కార్యాలయం ఫైళ్ళు చూడాలి. పెళ్ళి నమోదు, యజమాని మీద ఫిర్యాదు, బదిలీ, మరణం వంటివి వాటిలోకి వచ్చేవి. ఇప్పుడవి దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అన్నిటికన్నా ఫిర్యాదుల్లోనే ఆడవాళ్ళు చెప్పిన మాటలు ఎక్కువగా కనిపిస్తాయి. అందుకని వాటిని ముందు తీయించండి.

ప్రశ్న: ఊరు తెలిస్తే ఇక్కడి రికార్డుల్లో ఆమె ఇంటిపేరు దొరుకుతుందా?

జవాబు: జాబితాలో తండ్రి పేరే ఉంటుంది, ఇంటిపేరు ఉండడం అరుదు. నటాల్‌లో ఆ తండ్రి పేరే తర్వాత చాలా కుటుంబాలకు ఇంటిపేరైంది. అందుకని ఇప్పటి దర్బన్ ఇంటిపేరు పట్టుకుని ఇక్కడ అడిగితే ఎవరూ గుర్తుపట్టరు.

ముందు పాత జిల్లాను సరిచూసుకోండి. అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఇప్పటి విజయనగరం, అనకాపల్లి, పార్వతీపురం ప్రాంతాలున్నాయి. శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది. చిత్తూరు 1911 వరకు ఉత్తర ఆర్కాటులో భాగం. ఒకే పేరున్న ఊళ్ళు బోలెడు కాబట్టి తాలూకా తేలకుండా బయల్దేరవద్దు.

భూమి రికార్డుల మీద ఆశ పెట్టుకోకండి. ఉత్తరాంధ్రలో చాలా ఊళ్ళు జమీందారీవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా వాటిలో సర్కారు సెటిల్‌మెంట్ (రైతు పేరున భూమి, శిస్తు ఖరారు చేయడం) జరగలేదు. జరిగిన ఊళ్ళలోనూ పట్టాదారులకే పేర్లు, కూలీలకు కాదు. జనన నమోదూ అంత వెనక్కి పోదు. ఊళ్ళో అదే కులంలోని పెద్దవాళ్ళను, ముఖ్యంగా ఆడవాళ్ళను కలిసి, తండ్రి పేరు, పక్క నంబర్లలో దొరికిన తోడబుట్టినవాళ్ళ పేర్లు కలిపి చెప్పండి. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వల్ల ఆ పేర్లు ఒకే ఇంట్లో తరతరాలుగా తిరుగుతుంటాయి. ఒక్క పేరు కలిస్తే చాలదు, రెండు మూడు కలిసిన ఇంటి గడప తొక్కండి.