కాలువ రాకముందే చెరువును నమోదు చేయడం ఎలా?

ప్రశ్న: మా ఊరి చెరువుకు ఎగువ నుంచి ఎత్తిపోతల పథకం ప్రధాన కాలువ పోతుందని రాళ్లు పాతారు. తవ్వకం మొదలుకాకముందే చెరువునూ, దాని మీద బతికేవాళ్ల సంగతులనూ భద్రపరచాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: కట్ట మీద నిలబడి ఫొటోలు అందరూ తీస్తారు. మీరు ముందు చెరువు వెనక్కి, నీళ్లొచ్చే దారిలో నడవండి. గొలుసుకట్టు చెరువుకు (ఒకటి నిండితే కిందిదానికి నీళ్లొచ్చే వరుసలోని చెరువు) పై చెరువు మత్తడి (నిండాక మిగులు నీరు పొర్లే చోటు) నీళ్లు, చుట్టుపక్కల వాగులు, వర్రెలే (వానకు పారే చిన్న పాయలు) ప్రాణం. కాలువ గట్టు వాటికి అడ్డం పడుతుంది. గట్టు కింద నుంచి నీరు దాటే తూము ఒక్క వర్రెకు పెట్టకపోయినా, ఇరుకుగా పెట్టినా చెరువు సరిగా నిండదు, ఎగువ పొలాలు మునుగుతాయి. ఎండాకాలంలో వర్రె ఉత్త పల్లంలా ఉంటుంది, సర్వేలో జారిపోయేది అందుకే.

కాబట్టి వాన పడ్డ రోజే వెళ్లండి. వర్రె తిన్నగా ఉన్నచోట 10 మీటర్లు కొలిచి, ఒక కట్టెముక్క వదిలి సెకన్లు లెక్కపెట్టండి. వెడల్పు 2 మీటర్లు, సగటు లోతు 40 సెంటీమీటర్లు, పట్టిన సమయం 20 సెకన్లు అనుకుందాం. వేగం సెకనుకు అర మీటరు. వెడల్పు, లోతు, వేగం మూడింటినీ గుణించండి. అడుగున నీరు నెమ్మదిగా పారుతుంది గనక 0.85తో కూడా గుణించాలి. సెకనుకు 0.34 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 12 క్యూసెక్కులు. ఉధృతి ఎక్కువైతే దిగొద్దు. వాన వెలిశాక వర్రె గట్టు మీది వరద మరక ఎత్తు కొలిస్తే చాలు.

ఫొటోలు మత్తడి, చెరువు తూము (పొలాలకు నీళ్లు వదిలేది), కట్ట రెండు కొసల నుంచి, ప్రతిసారీ అవే చోట్ల నిలబడి తీయండి. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉండాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే తేదీ, స్థలం వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. మే నెలలో, చెరువు నిండాక, రెండుసార్లూ బావుల నీటిమట్టం తాడుతో కొలవండి. తర్వాత కాలువ ఊట వల్ల పొలాలు జౌకెక్కితే (ఎప్పుడూ తడిగా ఉండిపోతే) పోల్చడానికి ఆ అంకెలే ఆధారం. కాలువ కోసం బండ పేల్చే చోటుకు దగ్గరున్న ఇళ్ల గోడల పగుళ్లకు స్కేలు ఆనించి ఫొటో తీయండి.

మాటల రికార్డింగుకు మొదట నీరటి (చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషి) దగ్గరికి వెళ్లండి. ఏ తూము ఎప్పుడు తీస్తారు, నీళ్లు తక్కువైన ఏడాది వంతులు ఎలా వేశారు, శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే భూమిలో) ఏ పొలానికి ఏ పేరు, ఇవన్నీ నడుస్తూనే చెప్పించండి. కూర్చోబెట్టి అడిగితే సగం గుర్తురావు. కట్ట మీద గాలి హోరు మాటను మింగేస్తుంది, ఫోన్ నోటికి జానెడు దూరంలో ఉంచండి. ఏ నెలలో ఏ వల వేస్తారో చేపలు పట్టేవాళ్లను, బతుకమ్మలను ఏ రేవులో వదులుతారో ఆడవాళ్లను అడగండి. కట్టమైసమ్మ గద్దెకూ, రేవుకూ గ్రామ నక్షాలో గుర్తు పెట్టండి. అవి పట్టా భూములు కావు, నష్టపరిహారం జాబితాలో వెతికినా దొరకవు.

మూడు ప్రతులు చేసి ఒకటి పంచాయతీలో, ఒకటి బడిలో ఇవ్వండి. వర్రెల కొలతల పట్టికను మాత్రం కాలువ గట్టు కింది తూముల డిజైన్ ఖరారు కాకముందే నీటిపారుదల ఇంజినీరుకు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.