గాలివాన, సుడిగాలి ముంచుకొస్తున్నప్పుడు రేకుల ఇంట్లో ఉన్నవారు ఏం చేయాలి?

అమెరికాలో వచ్చేటటువంటి టోర్నడోలు, అంటే భీకర సుడిగాలులు, మనకు చాలా అరుదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట విరుచుకుపడే గాలివానలే అసలు ముప్పు. అయితే రెండింటికీ జాగ్రత్తలు దాదాపు ఒకటే.

2024 మే 26న నాగర్‌కర్నూల్ జిల్లాలో గాలివానకు నిర్మాణంలో ఉన్న కోళ్ల షెడ్డు గోడ కూలి అక్కడున్న నలుగురు ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి షెడ్డు, సగం కట్టిన గోడ, చెట్టు కింద తలదాచుకోవడం కన్నా, పడమర మబ్బు కమ్మి చల్లగాలి మొదలవగానే దగ్గరలోని స్లాబు ఇంటికి చేరడం మేలు. అక్కడ కిటికీలు లేని లోపలి గదిలో, గోడ వారగా తల కాచుకొని కూర్చోవాలి. కిటికీలు తెరిచి ఉంచితే ఇల్లు నిలుస్తుందన్న మాట నమ్మకండి, లోపలికి చొరబడిన గాలే కప్పును పైకెత్తుతుంది. రేకులు లేవకుండా పైన పెట్టే బండరాళ్లు మరీ ప్రమాదం. రేకు లేచిందంటే అవి మనుషుల మీదే పడతాయి. వాటికి బదులు వేసవికి ముందే రేకులను జె హుక్కులతో (జె ఆకారపు ఇనుప కొక్కేలతో) దూలాలకు గట్టిగా బిగించాలి. మెరుపులున్నప్పుడు బోరు స్టార్టర్ డబ్బా దగ్గరికి వెళ్లకూడదు. వాన వెలిశాక తెగిన తీగ కనిపిస్తే, కరెంటు పోయి ఉన్నా సరే, ఎవరినీ దగ్గరికి రానీయకుండా కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయాలి.